ఉదాహరణగారి కళ్ళజోడు

నా కళ్ళు అక్షరాల మీద అలిగి పది రోజులైంది. ఇంక లాభం లేదని ఒక మధ్యాహ్నం మా ఆఫీసు దగ్గరి కళ్ళజోళ్ళ షాపు మెట్లెక్కాను.

పత్రికాఫీసులో నేను ప్రూఫులు దిద్దుతాను. దానికి తోకలా ఇంకో పని ఉంది. ఆరో పేజీ అడుగున ‘రోజుకో మాట’ అని ఒక చిన్న పెట్టె వస్తుంది. ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థం, దాన్ని ఎలా వాడాలో చెప్పే రెండు మూడు ఉదాహరణలు. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం, లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఇన్‌టు అంటే ఆరా తీయడం. చూడ్డానికి అన్నీ ఒకే ఇంటివాళ్ళలా ఉంటాయి, గుణాలు మాత్రం ఎవరివి వాళ్ళవే. నాలుగేళ్ళుగా ఆ పెట్టె నింపుతున్నది నేనే. కింద పేరుండదు కాబట్టి ఆ సంగతి మా ఎడిటర్‌గారికి తప్ప ఎవరికీ తెలియదు.

షాపు పొడుగాటి గది. గోడల వెంట గాజు అరల్లో ఫ్రేములు, చివర కళ్ళు పరీక్ష చేసే చిన్న గది, దాని పక్కన ఒక అద్దాల తలుపు. ఆ తలుపు వెనక ఎవరో లెన్సు అంచులు అరగదీస్తున్న చప్పుడు. షాపు యజమాని తన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. నా ముక్కు మీద ఒక బరువైన ఫ్రేము పెట్టి, అందులో గుండ్రటి లెన్సులు రెండు జారవిడిచాడు.

“ముందు తప్పు నంబరు వేశాను బాబూ. ఎంత మసకగా ఉందో చెప్పు” అంటూ మడిచిన పేపరు చేతిలో పెట్టాడు. “ఇందులో పెద్దక్షరాలున్నాయి, చిన్నక్షరాలున్నాయి, తెలుగుంది, ఇంగ్లీషుంది. ఇంతకన్నా మంచి చార్టు నాకెక్కడా దొరకలేదు.”

చూస్తే అంతా అలికినట్టుంది. కానీ ఆ పెట్టె ఆకారం నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? నా ‘రోజుకో మాట’ ఒక షాపులో చార్టు అయిందన్న సంబరంలో నేను వచ్చిన పని మర్చిపోయాను. గొంతు సవరించుకుని గడగడా చదివేశాను.

“వెయిట్ ఫర్ అంటే ఎదురుచూడటం. ఆమె అతని కోసం బస్టాపులో ఎదురుచూస్తోంది. ఆమె అతని ఉత్తరం కోసం ఎదురుచూస్తోంది.”

అద్దాల తలుపు వెనక మిషను ఆగింది. “పాపం, ఆవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉందా? పొద్దుట్నించి ఇది ఆరోసారి” అంది ఒక ఆడగొంతు.

“నువ్వూరుకో అమ్మా” అన్నాడాయన.

“ఊరుకోక ఏం చేస్తున్నాను నాన్నా? నిన్న ఏడ్చింది, మొన్న అతని చొక్కా ఉతికింది, ఇవాళ బస్టాపులో నిలబడింది. ఈ రాసేవాడెవరో గానీ, అతని ఉదాహరణల్లో ఆడవాళ్ళకి వేరే పనే ఉండదు.”

“ఆ సంగతి తర్వాత. ఈ నంబరుతో ఈ అబ్బాయి అంత చిన్నక్షరాలు ఎలా చదివాడు? ముప్ఫయ్యేళ్ళలో ఇలాంటి కళ్ళు చూడలేదు నేను!”

తలుపు తెరుచుకుంది. నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ లెన్సుల్లోంచి నాకు కనిపించింది కోటు మాత్రమే.

“ఆ పెట్టె పక్కనున్న ప్రకటన చదవండి.”

నేను పేపరు దగ్గరికి లాక్కున్నాను, దూరం జరిపాను. “సబ్బు... అనుకుంటాను.”

“పరుపులు. అంటే మీరు చదవలేదు, అప్పజెప్పారు.” పేపరు లాక్కుంది. “ఇది రాసేది మీరేనా?”

నా చెవులు వేడెక్కిపోయాయి. ఆవిడ తండ్రి మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. “మీరేనా! నా కస్టమర్లందరూ మీ మాటలే కదా చదివేది!”

“వాళ్ళు ఒక్కసారి చదివి పోతారు నాన్నా. రోజుకి పదిసార్లు వినేది నేను” అంది కూతురు. “సరే, కూర్చోండి ఉదాహరణగారూ. ఈసారి అసలు నంబరు చూద్దాం.”

ఆ రోజు నుంచీ నా పేరు అదే అయింది.

మూడో రోజు కళ్ళజోడు తీసుకోవడానికి వెళ్ళాను. ఆమే నా చెవుల వెనక సరిచేసి, ఒకడుగు వెనక్కి వేసి నిలబడింది. గడ్డం మీద లెన్సు పొడి తెల్లగా అంటుకుని ఉంది. కనుబొమలు రెండూ ఒక ఎత్తులో లేవు, ఎడమది కొంచెం పైకి లేచి ఎప్పుడూ ఏదో అడుగుతున్నట్టుంటుంది. 

“ఎలా ఉంది?”

“చాలా బాగుంది.”

“పేపరు చూసి చెప్పండి. నన్ను చూసి కాదు.”

అక్కడితో నా పని అయిపోయింది. ఆ తర్వాత నా కళ్ళజోడుకి రకరకాల జబ్బులు పట్టుకున్నాయి. ఒకసారి స్క్రూ వదులైంది, ఒకసారి ముక్కు దగ్గర నొక్కింది, ఒకసారి ఏమీ కాలేదు గానీ అవుతుందేమోనని అనుమానం వచ్చింది.

“వారానికి మూడుసార్లు స్క్రూ వదులయ్యే కళ్ళజోడు మా షాపులో అమ్మలేదే” అందామె, చిన్న స్క్రూడ్రైవరు తీస్తూ.

“నా ముక్కు లోపమేమో.”

“ముక్కు బాగానే ఉంది. ఉదాహరణలే బాగాలేవు. ఇవాళ్టిది చూడండి. పుట్ అప్ విత్ అంటే భరించడం అన్నారు. బాగుంది. దానికి ‘మేము వానను భరించాము’ అని రాశారు. ఎవరైనా అలా అంటారా?”

“డిక్షనరీలో ఉంది.”

“డిక్షనరీకి ఇల్లుందా, పక్కింటివాళ్ళున్నారా? మా షాపులో ఫ్యాను పన్నెండేళ్ళుగా కిరకిరమంటోంది. నాన్న దాన్ని మార్చడు. నేను భరిస్తున్నాను. ఉదాహరణ అంటే అదీ. ఎవరు, దేన్ని, ఎందుకు భరిస్తున్నారో తెలియాలి. అప్పుడు కదా మాట గుర్తుండేది?”

ఆ సాయంత్రం ఫ్యానునే రాశాను. మర్నాడు పొద్దున్నే వాళ్ళ నాన్న కస్టమర్లందరి చేతా అదే చదివించి, పైకి చూసి పకపకా నవ్వుకున్నాడట. వారం తిరక్కుండా కొత్త ఫ్యాను వచ్చింది. ఒక ఇంగ్లీషు మాటతో అంత పని జరగడం నా అనుభవంలో అదే మొదలు.

అప్పట్నుంచీ నా పెట్టెలోకి మనుషులొచ్చారు. రన్ అవుట్ ఆఫ్ కోసం పెట్రోలు అయిపోయిన బండి బదులు, కోపం అయిపోయి నవ్వేసిన పెద్దక్క వచ్చింది. గివ్ అప్ కోసం ఎనభయ్యేళ్ళకి సైకిలు నేర్చుకోవడం మానని తాతగారు వచ్చాడు. సగం ఆమె చెప్పేది, సగం నేను కల్పించేవాణ్ణి. “ఏమయ్యా, ఈ మధ్య నీ మాటలకి ప్రాణమొచ్చింది. ఉత్తరాలొస్తున్నాయి” అన్నాడు ఎడిటర్‌గారు. ప్రాణం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకి చెప్పలేదు.

ఒక సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. ఆమె తండ్రి ఏదో పనిమీద బయటికి వెళ్ళాడు. గొడుగు లేని నేను షాపులో ఇరుక్కుపోయాను. గొడుగు ఆఫీసులో ఉంది. మబ్బు చూసి, కావాలనే అక్కడ వదిలేసి వచ్చాను.

“తర్వాతి మాటేంటి ఉదాహరణగారూ?”

“టేక్ ఓవర్. బాధ్యత చేతిలోకి తీసుకోవడం.”

ఆమె చేతిలోని ఫ్రేము గాజు బల్ల మీద పెట్టింది. కాసేపు వాననే చూసింది.

“నాన్న కొత్త బోర్డు రాయిస్తున్నాడు” అంది. “వచ్చే నెల తనకి అరవై నిండుతాయి. ఆ రోజున షాపు నాకు అప్పజెబుతాడట. బోర్డు మీద నా పేరు కూడా ఉంటుంది. నాకు తెలియదనుకుంటున్నాడు. పెయింటరు నోరుజారాడు.”

“సంతోషమే కదండీ?”

“కంటి ఆసుపత్రిలో ఏడాది ట్రైనింగుకి సీటొచ్చింది నాకు. వేరే ఊళ్ళో.” గొంతు తగ్గించింది. “పోయినేడు ఒక టీచరుగారు వచ్చింది. ఏ లెన్సు వేసినా ఆమెకి అక్షరం ఆనలేదు. ఇంక మా దగ్గర లెన్సు లేదమ్మా అని నాన్న పంపించేశాడు. ఆమె మెట్లు తడుముకుంటూ దిగింది. అలాంటివాళ్ళకి మిగిలిన చూపుతోనే చదవడం, నడవడం నేర్పిస్తారక్కడ. నాకు ఆ పని నేర్చుకోవాలనుంది.”

“మరి నాన్నగారికి చెప్పారా?”

“రోజూ పొద్దున చెబుదామనే వస్తాను. తాళం తీస్తూ తను ఈల వేస్తాడు. అది వింటే మాట గొంతులోనే ఆగిపోతుంది.” నా వైపు చూసింది. “ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.”

వాన ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు. మీకు తప్ప అన్న మాటే ఇల్లు చేరేదాకా నాతో నడిచింది.

ఇక నేను చేసిన ఘనకార్యం.

శుక్రవారం సాయంత్రం ఎడిటర్‌గారు నా బల్ల దగ్గరికి వచ్చాడు. “రేపటి పెట్టె ఖాళీగా ఉంది. మూడు మాటలు కలిపి ఒక చిన్న కథలా ఇవ్వు. అరగంట టైము.”

చెయ్యి దానంతటదే రాసిందని అనను. నేనే రాశాను, తెలిసే రాశాను. అంత మంచి ఉదాహరణ ఎదురుగా ఉంటే వదలబుద్ధి కాలేదు. టేక్ ఓవర్, టర్న్ డౌన్, పుట్ ఆఫ్. బాధ్యత తీసుకోవడం, కాదనడం, వాయిదా. కళ్ళజోళ్ళ షాపుని గడియారాల షాపు చేశాను, ఆసుపత్రిని కాలేజీ చేశాను. ఇంకెవరు పోల్చుకుంటారులే అని నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం పొద్దున్నే స్క్రూ వంకతో షాపుకి వెళ్ళాను. కుర్చీలో బట్టలు కుట్టే మామ్మగారొకావిడ కూర్చుని ఉంది. సూదిలోకి దారం ఎక్కడం లేదని వచ్చిందట. ముక్కు మీద బరువైన ఫ్రేము, చేతిలో ఆరో పేజీ. వేలు పెట్టి ఒక్కో మాటే చదువుతోంది. గుమ్మంలోనే నా కాళ్ళు ఆగిపోయాయి.

“తండ్రి... తన గడియారాల షాపు... కూతురికి అప్పజెబుదామనుకున్నాడు. కొత్త బోర్డు కూడా... రాయించాడు.”

“బాగా కనిపిస్తోందే! ఇంకొంచెం కిందికి చదవండి మామ్మగారూ” అన్నాడాయన హుషారుగా.

“ఆమె... అది కాదనుకుంది. ఆమెకి వేరే ఊళ్ళో కాలేజీలో సీటొచ్చింది. ఆ మాట తండ్రికి చెప్పడం... రోజూ వాయిదా వేస్తోంది.” మామ్మగారు తలెత్తింది. “అయ్యో, పాపం ఆ తండ్రి! ఇంట్లో కూతురు చెప్పకపోతే ఆయనకి ఎవరు చెబుతారు?”

అద్దాల తలుపు వెనక మిషను ఆగిపోయింది.

ఆయన నవ్వు కూడా ఆగింది. ముందు పేపరు వైపు చూశాడు, తర్వాత తలుపు వైపు, చివరికి గుమ్మంలో ఉన్న నా వైపు. బోర్డు మాట తీసేయాలని నాకెందుకు తోచలేదో ఆ భగవంతుడికే తెలియాలి.

కూతురు బయటికొచ్చింది. ముఖంలో రక్తం లేదు.

“నిజమేనా అమ్మా?”

“నిజమే నాన్నా.”

ఆయన మామ్మగారి ముక్కు మీంచి ఫ్రేము జాగ్రత్తగా తీసి, “మంగళవారం వచ్చి తీసుకెళ్ళండి” అని ఆవిడని సాగనంపాడు. తర్వాత కళ్ళు పరీక్ష చేసే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

“నేను మీకు చెప్పింది రాసుకోమని కాదు” అందామె.

“షాపు మార్చాను కదా...” అన్నాను. ఇంతకన్నా తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు.

“ఆ మాట నాన్నకి ముందు నేను చెప్పాలి. అది ఒక్కసారే చెప్పగలను. ఆ ఒక్కసారీ మీరు తీసేసుకున్నారు.” ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. “వెళ్ళండి. మళ్ళీ రావద్దు.”

వారం రోజులు గడిచాయి. నా ఉదాహరణల్లో మళ్ళీ ఎవరో బస్టాపులో నిలబడటం మొదలుపెట్టారు. ఎడిటర్‌గారు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఒంట్లో బాగానే ఉంది. ఒక మనిషి నమ్మి చెప్పిన మాటని అరగంట పని కోసం వాడేసుకున్నానన్న సిగ్గు మాత్రం అన్నం తిననివ్వలేదు, నిద్ర పోనివ్వలేదు.

చివరికి ఓన్ అప్ అన్న మాట తీసుకుని, తప్పు ఒప్పుకోవడం అని అర్థం రాసి, నాలుగు వాక్యాల్లో క్షమాపణ రాశాను. పంపేముందు ఎందుకో షాపుకి ఫోను చేశాను. ఆమే ఎత్తింది.

“రేపటి పెట్టెలో మీకు, నాన్నగారికి క్షమాపణ రాశాను. వేయమంటారా?”

అవతల స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. 

“మళ్ళీ పేపర్లోనా? మళ్ళీ ఎవరో చదివితే మేం వినాలా?” అంది. “మీకు నోరుంది కదండీ. దాంతో చెప్పడం వచ్చా, రాదా?”

ఫోను పెట్టేసింది. ఆ కాగితం చింపేశాను.

నిజం చెప్పాలంటే నాకు నోటితో చెప్పడం రాదు. రాసింది నచ్చకపోతే కొట్టేయొచ్చు, నోరుజారింది కొట్టేయలేం. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ ‘ఆమె’, ‘అతను’ అని రాసుకుంటూ బతికాను. ‘నేను’ అని ఒక్క ఉదాహరణ కూడా రాయలేదని ఆ రోజే గమనించాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. షాపులో కస్టమర్లు లేరు. వెనక మిషను తిరుగుతోంది. ఆయన నన్ను చూసి పరీక్ష గదిలోకి నడిచాడు. నేను వెనకే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

“తప్పు నాది” అన్నాను. “తను నమ్మి చెప్పింది. నేను రాసేశాను. మీరు తన నోట వినాల్సిన మాటకి నేను అడ్డం పడ్డాను. క్షమించమని అడగడానికి వచ్చాను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.”

ఆయన లెన్సుల పెట్టె మూత తీసి, మళ్ళీ వేశాడు.

“అమ్మాయి వెళ్తానంటే నాకు బాధ లేదు బాబూ. బోర్డు కూడా ఆపించాను. ఏడాదయ్యాక తనెక్కడ ఏం చేస్తానంటే అక్కడే రాయిస్తాను” అన్నాడు. “కానీ నా కూతురి మనసులో మాట మామ్మగారి నోటమ్మట విన్నాను చూడు, అదే ముల్లులా గుచ్చుకుంది. నాకు చెప్పడానికి అంత భయపడిందా అని. ఆ రోజు సాయంత్రం ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈల మానేస్తానులే అన్నాను. ఏడ్చేసింది.”

నాకు కళ్ళు చెమర్చాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

“ఎప్పుడు వెళ్తున్నారు?”

“సోమవారం. ఇంకేమైనా ఉందా చెప్పడానికి?”

“ఉందండీ. కానీ అది మీకు చెప్పకూడదు. ముందు తనకే చెప్పాలి.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. వారం తర్వాత ఆ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. “పరవాలేదే, వరస నేర్చుకున్నావు! వెళ్ళు, మిషన్ దగ్గరుంది. చెయ్యి పెట్టకు, తెగుతుంది” అన్నాడు.

అద్దాల తలుపు తోశాను. ఆమె నన్ను చూసి మిషను ఆపింది.

“నాన్నగారికి చెప్పాను” అన్నాను. “నోటితోనే.”

“విన్నాను. ఈ గోడ పల్చన.”

“మీకు కూడా చెప్పాలి. మీరు నమ్మి చెప్పిన మాటని నేను సరుకులా వాడుకున్నాను. ఇంకెప్పుడూ అలా చేయను. మీరు నమ్మకపోయినా చేయను.”

ఆమె చేతిలోని లెన్సు వెలుతురుకి ఎత్తి అంచు చూసుకుంది. “ఇంకా?”

“మీరంటే నాకు ఇష్టం.”

ఎడమ కనుబొమ లేచింది. “ఉదాహరణ?”

“లేదండీ. ఉదాహరణ కోసం కాదు. నాకు నిజంగానే ఇష్టం. మీరు సోమవారం వెళ్తున్నారు. ఏడాది పాటు ఈ షాపులో మీరు కనిపించరు. అది తలుచుకుంటేనే నాకు ఏమీ తోచట్లేదు. అయినా మీరు వెళ్ళాలి. వెళ్ళి, ఆ టీచరుగారి లాంటివాళ్ళకి దారి చూపించాలి. నేను ఇక్కడే ఉంటాను. సెలవు దొరికితే వస్తాను, మీరు రమ్మంటే.”

ఇంత పొడుగు మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. చెమటలు పట్టేశాయి. ఆమె లెన్సు గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. కోటు జేబులోంచి రుమాలు తీసి నా చేతిలో పెట్టింది.

“బస్టాపులో నిలబడి ఎదురుచూసేదాన్ని కాదు నేను, ముందే చెబుతున్నాను” అంది. 

“నేనే నిలబడతాను.”

అప్పుడు నవ్వింది. ఆ వారమంతా నేను పడ్డ అవస్థ ఆ నవ్వుతో ఎటు పోయిందో తెలియదు. “నాకూ ఇష్టమే” అంది, నా వైపు చూసి, ఏ దాపరికమూ లేకుండా. “కోపం ఇంకా కొంచెం ఉంది. అది వేరే లెక్క.”

ఏదో అనబోయాను. ఆమె వేలు చూపించి ఆపింది.

“ఇక్కడే ఉండండి, బయటికి రావద్దు. మీరు ఎవరికీ ఏమీ చెప్పొద్దు.”

చేతులు తుడుచుకుంది. కోటు సర్దుకుంది. తలుపు తోసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. పల్చటి గోడ ఇవతల రుమాలు పట్టుకుని నేను నిలబడిపోయాను.

“నాన్నా, పని ఆపి ఇటు చూడు. నీకో మాట చెప్పాలి” అంది ఆమె. “ఇది బయట ఎవరికన్నా ముందు నీకే చెబుతున్నాను.”

కుర్చీ జరిగిన చప్పుడైంది. 

“చెప్పమ్మా” అన్నాడాయన. “వింటున్నాను.”